ఇరవైకి నాలుగు

మా కేర్వలాన్ ఫుట్‌బాల్ క్లబ్బులో బట్టలు ఉతికేది నేనే. పేరు సోలాంజ్. ఇరవై రెండేళ్లుగా ఇదే పని: చొక్కాలు, నిక్కర్లు, మేజోళ్లు, తువ్వాళ్లు. ఎవడు ఎలా ఆడాడో తెలుసుకోవడానికి నేను మ్యాచ్ చూడక్కర్లేదు, బుట్టలో పడ్డ నిక్కరు చూస్తే చాలు. ముందువైపు మట్టి ఉంటే ఒళ్లొంచి ఆడాడని అర్థం. వెనకవైపు మాత్రమే ఉంటే పెనాల్టీ కోసం కావాలని పడి దొర్లాడని అర్థం. మట్టితో నాకు పేచీ లేదు, నానబెడితే పోతుంది. గడ్డి మరకే నా ప్రాణానికి పట్టిన పీడ.

అందుకే గ్వెనోలేకీ నాకూ మొదటి రోజు నుంచీ పడదు. మా మైదానంలో గడ్డి పెంచేది అతనే. అరవై ఏళ్ల మనిషి, బక్కపలచన. మామూలుగా రోజుకి మూడు మాటలు మాట్లాడతాడు. గడ్డి విషయం ఎత్తితే మాత్రం మూడు గంటలు ఆగడు. లాండ్రీకి ఎదురుగానే అతని షెడ్డు. యంత్రం అందని మూలల్లో గడ్డిని వాళ్లావిడ జుట్టు కత్తిరించుకునే కత్తెరతో కత్తిరిస్తాడు. ఆవిడ ఆ కత్తెర కోసం షెడ్డుదాకా వచ్చి చెడామడా తిట్టి పోవడం నేను ఎన్నిసార్లు విన్నానో.

"నీ గడ్డి రంగు వదిలి చస్తోంది, నా తెల్ల నిక్కర్లు చూడు" అని నేను అరుస్తాను.

"గడ్డికి రంగెక్కువ కాలేదు, నువ్వేసే సబ్బు తక్కువైంది" అంటాడు వెనక్కి తిరక్కుండా.

ఇలా ఒకరినొకరు సాధించుకుంటూ మేం సుఖంగా ఉండగా మా జట్టు మొదటి డివిజన్‌కి ఎక్కింది. పద్నాలుగేళ్ల తర్వాత! ఊళ్లో ఉన్నదే ఎనిమిది వేలమంది, స్టేడియంలో కుర్చీలు పదిహేను వేలు. పసిపిల్లలతో సహా ఊరంతా వచ్చి కూర్చున్నా సగం ఖాళీ. మిగతా సగం చుట్టుపక్కల పల్లెలవాళ్లు నింపుతారు. ఆగస్టు నెల మొదటి మ్యాచ్‌కి మేయరు కొత్త కోటు కుట్టించుకున్నాడు. సాసేజ్ అట్లు కాల్చేవాళ్లు ఇంకో రెండు పెనాలు పెట్టారు. మేం నాలుగు గోల్స్ తేడాతో ఓడిపోయాం.

ఆ రోజే తెలిసింది నాకు, మేం లేని ఈ పద్నాలుగేళ్లలో మొదటి డివిజన్‌లో జట్లకే కాదు, గడ్డికి కూడా పోటీ పెట్టారని. మ్యాచ్ అయ్యాక వచ్చిన జట్టు కెప్టెన్ ఒక కార్డు తీసుకుని, మైదానానికి ఇరవైకి ఇన్ని అని మార్కు వేసి, పక్కన ఒక ముక్క రాయాలి. సీజన్ చివర ఎవరి మైదానానికి మొత్తం ఎక్కువొస్తే వాళ్లకి కప్పు. కార్డు నింపే బల్ల సరిగ్గా లాండ్రీ గుమ్మం పక్కన పెట్టారు. కాబట్టి ప్రతి మార్కూ ముందు నా కంట్లోనే పడేది.

మొదటి రోజు వచ్చిన కెప్టెన్ ఈల వేసుకుంటూ వచ్చాడు. నాలుగు గోల్స్ కొట్టినవాడు ఈల వెయ్యక ఏం చేస్తాడు. పద్దెనిమిది అని వేసి, "తివాచీ" అని రాసి పోయాడు.

ఇరవైకి మార్కులంటే మా దేశంలో ఎవరికైనా బడి భయం. ఇరవై ఏ పంతులూ వెయ్యడు, చేతులు రావు. పద్నాలుగొస్తే ఇంట్లో కేకు చేస్తారు. పదిలోపు వస్తే ఆ కాగితం ఇంటికి పట్టుకెళ్లి అమ్మో నాన్నో సంతకం పెడితే మర్నాడు తెచ్చి చూపించాలి. పద్దెనిమిది అంటే మామూలు విషయం కాదు. కార్డు పట్టుకుని నేనే షెడ్డుకి వెళ్లాను.

గ్వెనోలే దాన్ని వెలుతురుకి పెట్టి చూశాడు. తిరగేసి చూశాడు. మళ్లీ చూశాడు.

"ఏంటయ్యా, అందులో ఇంకేమైనా కనిపిస్తుందా?" అన్నాను.

"నాకు ఎప్పుడూ ఇంత రాలేదు సోలాంజ్."

"నీకా? గడ్డికి వచ్చింది."

"అదే. నాకే."

ఆ రోజు మొదటిసారి గడ్డి కాని విషయం చెప్పాడు. పద్నాలుగేళ్ల వయసులో డిక్టేషన్‌లో ఇరవైకి నాలుగు వచ్చిందట. ప్రిజాన్ మేష్టారు ఎర్ర సిరాతో ఆ నాలుగుని పేజీ అంత పెద్దదిగా వేశాడట. వాళ్ల నాన్న కాలీఫ్లవర్ రైతు. కాగితం చూసి, బల్ల మీదే వదిలేసి, "దీని కింద నా పేరు పెట్టను" అన్నాడట. అంతే, కొట్టలేదు, తిట్టలేదు. సంతకం లేనిదే క్లాసులోకి రానివ్వనన్నాడు మేష్టారు. గ్వెనోలే మూడు రోజులు బడి గేటు బయట నిలబడ్డాడు. నాలుగో రోజు బడికని బయలుదేరి స్టేడియం గేటు దగ్గర ఆగాడు. అక్కడ అప్పటి తోటమాలి ఒక పార చేతికిచ్చాడు. అదీ కథ.

"పిచ్చివాడా, నువ్వే సంతకం గీకెయ్యాల్సింది. మా క్లాసులో సగంమంది అంతేగా" అన్నాను.

"దొంగ సంతకమా? మా నాన్న చంపేసేవాడు" అన్నాడు. నలభై ఆరేళ్ల కిందటి భయం ఇంకా అతని మొహంలో కనిపించింది.

ఆ శరదృతువంతా మా జట్టు వరసగా ఓడిపోయింది. గ్వెనోలే గడ్డికి మార్కులు వరసగా వచ్చాయి. పదిహేడు, పద్దెనిమిది, పదిహేడున్నర. అక్టోబరులో ఒక మ్యాచ్ డ్రా అయింది. ఆ కెప్టెన్ పదిహేను వేశాడు. నవంబరులో ఎట్టకేలకు రెండు ఒకటితో గెలిచాం. ఊరంతా కారు హారన్లు. ఓడిన కెప్టెన్ బల్ల దగ్గరికొచ్చి పెన్ను విరిగేలా పట్టుకుని తొమ్మిది వేశాడు. పక్కన ఏం రాశాడో తెలుసా? "మరీ పచ్చగా ఉంది."

గ్వెనోలే అగ్గి మీద గుగ్గిలమయ్యాడు.

"మరీ పచ్చగా అంటే ఏంటి? గడ్డి పచ్చగా కాక నీలంగా ఉంటుందా?"

"కూర్చో, చెప్తాను" అన్నాను. లాండ్రీ గోడ మీద మార్కులన్నీ రాసి పెట్టుకున్నా నేను. "ఓడితే పద్దెనిమిది. డ్రా అయితే పదిహేను. గెలిస్తే తొమ్మిది. వాళ్లు నీ గడ్డికి వెయ్యట్లేదయ్యా మార్కు, మన జట్టుకి వేస్తున్నారు. తలకిందులుగా."

"అబద్ధం. నా గడ్డి గడ్డే. స్కోరుతో దానికేం పని?"

"సరే, చూద్దాం."

చూశాం. క్రిస్మస్ నాటికి మా జట్టు పట్టికలో అట్టడుగున ఉంది. మా గడ్డి పట్టికలో మొదట ఉంది. రెండో స్థానంలో దక్షిణాన ఒక ఎండ నగరం. అక్కడ గడ్డి చూడటానికి ఆరుగురు ఇంజనీర్లు, రాత్రి పూట గడ్డికి ఎండ కాయడానికి లారీలంత దీపాలు. మా గ్వెనోలేకి ఒక పాత యంత్రం, పెళ్లాం కత్తెర.

ఊళ్లో వెటకారానికి అంతు లేదు. చర్చి ఎదురుగా కెఫే నడిపే ఆర్మెల్ నోరు అసలే మంచిది కాదు.

"ఇదిగో, ఛాంపియన్ వచ్చాడు!" అనేది గ్వెనోలే తలుపు తియ్యగానే. "మనవాళ్లకి గోల్స్ రావు గానీ గడ్డి బాగా వస్తుంది. వచ్చే మ్యాచ్‌కి మా అన్న ఆవుల్ని దింపమంటావా? పదకొండే పంపిస్తాడు. గెలవకపోయినా మేసి వస్తాయి."

అందరూ నవ్వేవారు. గ్వెనోలే తన కాఫీ తాగి, చిల్లర పెట్టి వెళ్లిపోయేవాడు. నాకు ఒళ్లు మండేది. అతన్ని తిట్టే హక్కు నాదనుకుంటాను నేను, ఆర్మెల్ది కాదు.

అయితే జనవరిలో ఒక రోజు నేను ఒకటి చూశాను. మావాళ్లు నాలుగో గోల్ తిన్నారు. స్టేడియం ఉసూరుమంది. గ్వెనోలే ఎప్పట్లాగే, ఆటగాళ్లు మైదానంలోకి వచ్చే సొరంగం మొదట్లో గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఆ గోల్ పడగానే అతని పెదవి చివర కొంచెం కదిలింది. నవ్వు కాదు, నవ్వుకి ముందు వచ్చేది. నేను చూశానని అతనూ గమనించాడు.

మర్నాడు మేజోళ్లు ఆరేస్తుంటే పక్కకొచ్చి నిలబడ్డాడు.

"సిగ్గుగా ఉంది సోలాంజ్."

"ఉండాలి" అన్నాను. కానీ మరీ గట్టిగా అనలేకపోయాను.

ఆ నెలలోనే కోచ్‌ని తీసేసి కొత్తాయన్ని తెచ్చారు. వాస్సోర్ అని, సన్నగా, చురుగ్గా, ఎప్పుడూ నమిలే చూయింగ్ గమ్‌తో. నిద్రపోతాడో లేదో నాకు అనుమానమే. ఆయన వచ్చాక మావాళ్లు ఓడటం తగ్గించారు. ఫిబ్రవరిలో ఒకటి గెలిచాం, మార్చిలో రెండు, ఏప్రిల్లో మూడు. ఆర్మెల్ వెటకారం మానేసి ఉచితంగా ఆపిల్ సైడర్ పోసింది ఒక రోజు, అది కూడా చరిత్రే. గడ్డి మార్కులు మాత్రం పదకొండు, పది, తొమ్మిది అని దిగుతూ వచ్చాయి. దక్షిణ నగరం వెనకాలే తరుముకొచ్చింది.

మే నెల వచ్చేసరికి లెక్క ఇలా తేలింది. ఆఖరి మ్యాచ్ మా ఊళ్లోనే. గెలిస్తే జట్టు మొదటి డివిజన్‌లో ఉంటుంది, గెలవకపోతే దిగిపోతుంది. దక్షిణ నగరంవాళ్ల సొంత మ్యాచ్‌లు అయిపోయాయి కాబట్టి వాళ్ల మార్కులు ఇక పెరగవు. మా గడ్డికి ఆ ఒక్క కార్డులో పన్నెండు వస్తే కప్పు గ్వెనోలేది. పదకొండొస్తే వాళ్లది.

సోమవారం పొద్దున్నే వాస్సోర్ షెడ్డుకొచ్చాడు. నా తలుపు తెరిచే ఉంది. తెరిచి లేకపోయినా వినేదాన్ని.

"గ్వెనోలే గారూ, మీతో ఒక పనుంది. వచ్చే జట్టు సంగతి తెలుసు కదా. పొట్టి పాసులు, మహా వేగం. వాళ్ల పదకొండో నంబర్‌ని పట్టుకోవాలంటే మోటారు సైకిలు కావాలి. తడి గడ్డి మీద, పొట్టి గడ్డి మీద వాళ్లు మనల్ని నమిలేస్తారు. ఈ వారం కొయ్యకండి. నీళ్లు పెట్టకండి. బంతి ఆగాలి."

"ఇరవై నాలుగు మిల్లీమీటర్లు" అన్నాడు గ్వెనోలే.

"ముప్పైదాకా నియమం ఒప్పుకుంటుంది."

"నేను ఒప్పుకోను. ఈ మైదానం నా చేతికొచ్చిన ఇరవై ఏడేళ్లుగా ఇరవై నాలుగే."

"అయ్యా, నలభైమంది పొట్టకూటి సంగతి ఇది!"

"గోల్స్ కొట్టడం మీ పని. గడ్డి నా పని. బూట్లతో షెడ్డులోకి రావద్దని బోర్డు పెట్టాను, చూశారా?"

వాస్సోర్ పళ్లు నూరుకుంటూ వెళ్లిపోయాడు. నేను బుట్ట పక్కన పడేసి వెళ్లాను.

"కప్పు కోసమేగా ఇదంతా?" అన్నాను.

"కాదు."

"నా దగ్గర దాచకు. పన్నెండు కావాలి నీకు. మనం గెలిస్తే ఎటూ పన్నెండు రాదని నీకూ తెలుసు, గోడ మీద లెక్క ఉంది. అంటే నువ్వు మనం ఓడిపోవాలని కోరుకుంటున్నావు."

అతని మొహం పాలిపోయింది. అనకూడని మాట అన్నానని నాకూ తెలిసింది, కానీ నోరు జారిపోయింది.

"అందరూ దాని మీద నడిచి పోతారు" అన్నాడు చివరికి. "ఇరవై ఏడేళ్లు. ఒక్కడైనా కిందకి చూశాడా? జీవితంలో ఒక్కసారి నా పేరు పక్కన మంచి అంకె ఉండాలని కోరుకున్నాను. అది కూడా తప్పేనా?"

తప్పు కాదు మరి. వెళ్లి మెషిన్లో పొడి వేశాను, మామూలుకన్నా రెట్టింపు.

బుధవారం సాయంత్రం సెకు తాందియా వచ్చాడు. మా కెప్టెన్. ముప్పై అయిదేళ్లు, రెండు మోకాళ్లకీ ఆపరేషన్ అయింది. అతని మోకాలి పట్టీలు నేనే విడిగా చేత్తో ఉతుకుతాను. షెడ్డు గుమ్మంలో ఆగి బూట్లు విప్పి చేత్తో పట్టుకున్నాడు. ఇన్నేళ్లలో ఆ బోర్డు చదివినవాడు అతనొక్కడే.

"బాబాయ్, లోపలికి రావచ్చా?"

"కోచ్ పంపాడా?"

"ఆయనకి తెలీదు. నేను గడ్డి మార్చమని అడగటానికి రాలేదు. ఒక విషయం చెబుతావని వచ్చాను." అతను చెక్కపెట్టె మీద కూర్చున్నాడు. "వాళ్ల పదకొండో నంబర్ నాకన్నా పన్నెండేళ్లు చిన్న. పరిగెత్తి పట్టుకోలేను, మోకాళ్ల సంగతి సోలాంజమ్మకి తెలుసు. అందుకే అడుగుతున్నా. ఈ మైదానంలో బంతి ఎక్కడ నెమ్మదిస్తుంది? ఆ చోటు చెబితే వాణ్ణి అక్కడికి తోలుకుపోతాను. మిగతాది నేను చూసుకుంటా."

గ్వెనోలే యంత్రం బ్లేడు తుడిచే గుడ్డ పక్కన పెట్టాడు.

"రా" అన్నాడు.

ఇద్దరూ చెప్పుల్లేకుండా మైదానంలోకి వెళ్లడం చూశాను. పాత స్టాండు నీడ పడే మూల దగ్గర ఆగారు. గ్వెనోలే దాన్ని అత్తగారి మూల అంటాడు, అక్కడికి పోయింది ఏదీ ఒక పట్టాన బయటికి రాదని. అక్కడ మోకాళ్ల మీద కూర్చుని గడ్డిని వేళ్లతో విడదీసి ఏదో చూపించాడు. తాందియా కూడా పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు, ఆ మోకాళ్లతో. లేచాక అరికాలితో అదిమి చూశాడు. గంటసేపు మైదానమంతా తిరిగారు. గ్వెనోలే చెబుతూనే ఉన్నాడు, తాందియా తల ఊపుతూనే ఉన్నాడు.

మర్నాడు పొద్దున యంత్రం చప్పుడు వినబడలేదు. శుక్రవారం కూడా లేదు. శుక్రవారం ప్రాక్టీసు తర్వాత మేజోళ్లు తీస్తే పచ్చ మరక చీలమండ పైకి ఎక్కింది. గడ్డి ఎత్తు నాకు కొలబద్ద లేకుండా తెలుస్తుంది. ఇరవై ఎనిమిది, ఇంకా పెరుగుతోంది. నేను ఎవరికీ చెప్పలేదు. ఆ మేజోళ్లు రెండుసార్లు ఉతికాను, తిట్టుకోకుండా.

శనివారం లాండ్రీ కిటికీలోంచి అడిగాను. "కప్పు?"

"వాడు కిందకి చూశాడు సోలాంజ్" అన్నాడు. "ఆ గడ్డి ఉన్నది వాడు ఆడటానికే కదా."

ఆదివారం పొద్దున లేచేసరికి వాన! మా దగ్గర వాన పడటం వార్త కాదు, ఆగితే వార్త. కానీ ఆ ఒక్క రోజు ఆగి ఉండకూడదా? పెద్ద వాన కూడా కాదు, మొహానికి తగిలీ తగలనట్టుండే తుంపర. ఒక గంట అలాగే పడితే గడ్డి తడిసి జారుతుంది, నాలుగు రోజుల పని పోతుంది.

స్టేడియంకి పరిగెత్తాను. గ్వెనోలే అప్పటికే చలికాలం మంచుకి కప్పే పట్టాలు లాగుతున్నాడు. ఆఫీసువాళ్లు, టికెట్లు అమ్మేవాళ్లు, నేను, ఆఖరికి ఆర్మెల్ కూడా. అందరం తలో కొస పట్టుకున్నాం.

"ఇటు లాగవే తల్లీ, బల్లలు తుడిచినట్టు కాదు!" అని నేను అరిస్తే, "నీ బట్టల తాడు కాదిది, నువ్వే లాగు!" అని ఆవిడ అరిచింది.

మైదానమంతా కప్పాం. ఒక్క మూల మిగిలింది. పట్టా అక్కడ ఎలకలు కొరికి పెద్ద కంత అయింది. ఏ మూల అనుకున్నారు? అత్తగారి మూల.

గ్వెనోలే ఆ కంత ముందు చేతులు వేలాడేసి నిలబడ్డాడు. అతన్ని అలా చూడలేకపోయాను. లాండ్రీకి వెళ్లి బీరువా తెరిచాను. మ్యాచ్ తర్వాత స్నానాలకని అరవై తువ్వాళ్లు, తెల్లవి, ఇస్త్రీ చేసి మడతపెట్టినవి. ఇరవై రెండేళ్లలో నా తువ్వాలు ఒక్కటి గడ్డికి తగలనివ్వలేదు నేను. బండిలో వేసుకుని తోసుకొచ్చాను.

"ఏం చేస్తున్నావ్?" అన్నాడు.

"కళ్లు మూసుకో, నాకే చూడబుద్ధి కావట్లేదు" అని మొదటిది పరిచాను.

అరవై తువ్వాళ్లూ ఆ మూల కప్పేశాయి. పదకొండింటికి తుంపర ఆగింది, పట్టాలూ తువ్వాళ్లూ తీసి గోడవారన పడేశాం. మధ్యాహ్నానికి ఎండ వచ్చింది. లీగ్ అధికారి వచ్చి స్కేలు పెట్టి కొలిచాడు. ఇరవై తొమ్మిదిన్నర. ఇంకోసారి కొలిచాడు. ఇరవై తొమ్మిదిన్నరే. మూతి ముడుచుకుని రాసుకున్నాడు.

అయిదు గంటలకి మ్యాచ్. టాస్ తాందియా గెలిచాడు, రెండో సగంలో ఆ మూల మా గోల్ వైపు ఉండేలా కోరుకున్నాడు. నేను ఆ రోజు మాత్రం లాండ్రీ వదిలి సొరంగం దగ్గరికొచ్చి గ్వెనోలే పక్కన నిలబడ్డాను.

వాళ్లు పాస్ ఇస్తే బంతి సగం దారిలో అలిసిపోయేది. చేతులు విసిరేవారు, కిందకి చూసేవారు, బూట్లతో గడ్డిని తన్నేవారు. ఇరవై రెండేళ్లలో అంతమంది కిందకి చూడటం నేను చూడలేదు. అయినా వాళ్లే మంచి జట్టు. బంతి రెండుసార్లు మా గోల్ స్తంభానికి తగిలింది.

డెబ్బై ఒకటో నిమిషంలో ఆ పదకొండో నంబర్ మా వైపు దూసుకొచ్చాడు. తాందియా ఎదురెళ్లలేదు. పక్కగా, కొంచెం పక్కగా జరుగుతూ, వాణ్ణి స్టాండు వైపు నెట్టుకుంటూ పోయాడు. కుర్రాడు బంతిని ముందుకు పొడిచి తాందియాని దాటి బాణంలా పరిగెత్తాడు. వాడు వెళ్లాడు. బంతి వెళ్లలేదు. అత్తగారి మూలలో అది రెండుసార్లు పొర్లి కూర్చుండిపోయింది. కుర్రాడు నాలుగడుగులు ముందుకెళ్లి బంతి లేదని గ్రహించి ఆగేలోపు, తాందియా నింపాదిగా నడుచుకుంటూ వచ్చి దాన్ని ఆకాశంలోకి కొట్టాడు. అది వాళ్ల గోల్ ముందు పడింది. మా తొమ్మిదో నంబర్ ముక్కుకి తగిలి లోపలికి పోయింది. కాలుతో అయితే వాడు తప్పకుండా బయటికి కొట్టేవాడు.

తర్వాత పందొమ్మిది నిమిషాలు నాకు గుర్తులేవు. గ్వెనోలే నా చెయ్యి పట్టుకుని ఉన్నాడని మాత్రం విజిల్ మోగాక తెలిసింది. వేళ్లు అతుక్కుపోయాయి.

జనం మైదానంలోకి దిగిపోయారు. సరిగ్గా అప్పుడే ఓడిన కెప్టెన్ బల్ల దగ్గరికొచ్చాడు. కార్డు లాక్కున్నాడు. రాశాడు, పెన్ను విసిరికొట్టాడు, వెళ్లిపోయాడు. నేను వంగి చూశాను.

ఇరవైకి నాలుగు. పక్కన: "ఇది మైదానం కాదు, పశువుల మేత."

తొమ్మిది వేయచ్చు, ఏడు వేయచ్చు. నాలుగే ఎందుకు వేశాడు దుర్మార్గుడు? కార్డు జేబులో దాచేద్దామా అనుకున్నాను. కానీ అధికారి అప్పటికే అంకె ఎక్కించుకున్నాడు. కప్పు దక్షిణానికి పోయింది.

గ్వెనోలే షెడ్డులో పెట్టె మీద కూర్చుని ఉన్నాడు. బయట పదిహేను వేలమంది పాడుతున్నారు. కార్డు ఇచ్చాను. చూశాడు.

"మళ్లీ నాలుగే" అన్నాడు. నవ్వబోయాడు, కుదరలేదు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. బాధ పడలేదని నేను చెప్పను, పడ్డాడు.

అప్పుడు నా నోరే నన్ను కాపాడింది. "పదిలోపు వచ్చిందిగా, సంతకం కావాలి" అన్నాను. మేజోళ్ల మీద నంబర్లు వేసే పెన్ను ఎప్పుడూ నా ఏప్రన్ జేబులోనే ఉంటుంది, ఎన్ని ఉతుకులు ఉతికినా పోని సిరా. కార్డు అతని చేతిలోంచి తీసుకుని నాలుగు కింద సోలాంజ్ అని రాశాను.

వెనకాల నీళ్లు కారుతున్న చప్పుడు. తాందియా, ఒంటి మీద స్నానం నీళ్లతో, నిక్కరుతో.

"సోలాంజమ్మా, తువ్వాళ్లేవి? ఇరవైమందిమి అక్కడ కోళ్లలా వణుకుతున్నాం."

"ముందు ఇక్కడ సంతకం పెట్టు నాయనా. మీ బాబాయ్‌కి తక్కువ మార్కులొచ్చాయి."

కార్డు చదివాడు. నాలుగు చూశాడు, గ్వెనోలేని చూశాడు. పన్నెండు కావాలన్న సంగతి ఊరందరికీ తెలుసు, అతనికీ తెలుసు. తడి చేతులు నా ఏప్రన్‌కి తుడుచుకుని పెద్ద అక్షరాలతో సంతకం పెట్టాడు. తర్వాత తలుపులోంచి తల బయట పెట్టి కేక వేశాడు. ఒకళ్ల తర్వాత ఒకళ్లు వచ్చారు, నీళ్లు కార్చుకుంటూ, షెడ్డు నిండా మడుగు చేస్తూ. బూట్లు మాత్రం ఒక్కడికీ లేవు. ముక్కుకి దూది పెట్టుకుని తొమ్మిదో నంబర్ వచ్చాడు. వాస్సోర్ వచ్చాడు, గుమ్మం బయట బూట్లు విప్పి, చూయింగ్ గమ్ తీసి జేబులో పెట్టుకుని, సంతకం పెట్టి, గ్వెనోలే భుజం మీద చెయ్యేసి నిలబడ్డాడు. ఆర్మెల్ కూడా పెట్టింది, ఎవరు పిలిచారో తెలీదు.

అందరూ పోయాక కార్డు నా చేతికిస్తాడేమో, ఫైల్లో పెట్టాలి కదా అని చూశాను. ఇవ్వలేదు. దాన్ని బల్ల మీద పెట్టి ఒక్కొక్క పేరూ వేలితో చూసుకుంటూ చదివాడు. ముందూ వెనకా నిండిపోయింది, ఎడమ పక్క అడుగున మాత్రం ఒక చిన్న చోటు మిగిలింది.

"పెన్ను ఇలా ఇవ్వు" అన్నాడు.

ఇచ్చాను. నాలుక చివర పళ్ల మధ్య పెట్టుకుని, నెమ్మదిగా, వంకర అక్షరాలతో వాళ్ల నాన్న పేరు రాశాడు.

"దొంగ సంతకం!" అన్నాను.

"అరవై దాటాయి నాకు, ఇప్పుడొచ్చి కొడతాడా ఏంటి?" అన్నాడు.

కార్డుని కత్తెర వేలాడే మేకుకి గుచ్చాడు. తర్వాత యంత్రం బయటికి లాగాడు. జనం ఇంకా మైదానం వదల్లేదు, పాటలూ ఆగలేదు. వాళ్ల మధ్యలోంచే నాలుగు రోజులుగా కొయ్యని గడ్డి మొదటి వరస కోసుకుంటూ పోయాడు. నేను అత్తగారి మూల దగ్గరికెళ్లి, గోడవారన కుప్పగా ఉన్న నా తువ్వాళ్లు ఏరుకున్నాను. అరవైకి అరవై, పచ్చగా ఉన్నాయి.